వెనుకొండ ఎక్కడ?

పల్నాడు జిల్లాలోని వినుకొండ గుఱ్ఱం జాషువా మహాకవికి జన్మస్థలము. ఆయన 1895లో అక్కడ పుట్టెను. శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండయు చరిత్ర ప్రసిద్ధమైన ఊరే. ఒక విద్యార్థి కంప్యూటరు ముందు కూర్చుండి ‘వెనుకొండ’ అని టైపు చేసెననుకొనవచ్చును. అతడు వెదకిన ఊరు ఏది? ఈ చిన్న ప్రశ్నకు సెర్చ్ ఇంజను ఇచ్చు సమాధానములో దాని శక్తియు, దాని లోపమును తెలియగలవు.

ప్రతిదినము తనకు వచ్చు ప్రశ్నలలో పదింట ఒకదానియందు అక్షరదోషమున్నదని గూగుల్ సంస్థ 2020లో తెలిపెను. కావున ‘మీరు వెదకినది ఇదియా?’ అని సూచించుట చాల ఉపయోగకరమైన పని. దీనికి ఆధారమైన సూత్రము సులభమైనదే. వర్ణక్రమ దోషములలో నూటికి 80కి పైగా నాలుగు విధములలో ఏదో ఒకటి మాత్రమే అయి ఉండునని అమెరికాకు చెందిన ఫ్రెడరిక్ డామెరౌ 1964లో చూపెను. అవి ఒక అక్షరము అదనముగా చేరుట, ఒకటి లోపించుట, ఒకదాని స్థానమున మఱొకటి వచ్చుట, ప్రక్కప్రక్క అక్షరములు తారుమారగుట. మరుసటి సంవత్సరమే సోవియట్ గణితశాస్త్రజ్ఞుడు వ్లదీమిర్ లెవెన్‌ష్టైన్ ఒక మాటను మఱొక మాటగా మార్చుటకు కావలసిన కనీసపు మార్పుల సంఖ్యను ఆ రెండింటి మధ్య ‘దూరము’గా నిర్వచించెను.

ఈ కొలబద్దను మన ఉదాహరణకు అన్వయించిన వింత బయటపడును. ‘వినుకొండ’ చదువరికి నాలుగక్షరములే; కాని యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరుకు అవి ఎనిమిది గుర్తులు: వ, గుడి, న, కొమ్ము, క, ఒత్వము, సున్న, డ. ‘వెనుకొండ’లోని ఎత్వమును గుడిగా మార్చిన వినుకొండ అగును. ‘వ’ను ‘ప’గా మార్చిన పెనుకొండ అగును. రెండును ఒక్క మార్పు దూరముననే ఉన్నవి. కనుక దూరమొక్కటే తీర్పు చెప్పజాలదు.

అప్పుడు యంత్రము వాడుకను లెక్కించును. ఏ పేరు ఎక్కువ పుటలలో ఉన్నది? తప్పు టైపు చేసినవారు పిదప దేనిని సరిదిద్ది వెదకిరి? ప్రక్కనున్న మాట ఏమి? ప్రక్కన ‘జాషువా’ అని ఉన్నచో చిక్కు తీరును. ‘కోట, కృష్ణదేవరాయలు’ అని ఉన్నచో తీరదు. రెండుచోట్లను కొండకోటలు కలవు. రాయలు 1515లో కళింగ దండయాత్రలో వినుకొండ దుర్గమును జయించెను. పెనుకొండ విజయనగర ప్రభువులకు ముఖ్య దుర్గమై, 1565 యుద్ధము తరువాత రాజధాని ఆయెను.

తప్పు ఎంతటిదో తెలిసిన చాలదు, ఎట్లు పుట్టినదో కూడ ఊహింపవలెను. 1990లో బెల్ ప్రయోగశాలలకు చెందిన కెర్నిగన్, చర్చ్, గేల్ అను ముగ్గురు ఈ మార్గమునే అనుసరించి, ఏ పొరపాటు ఎంత తరచుగా జరుగునో లెక్కలోనికి తెచ్చిరి. చెవితో విని వ్రాయువాడు ‘వి’ని ‘వె’గా వ్రాయుట సహజము, అతనికి వినుకొండ చూపవలెను. పాత పుస్తకపు పుటను యంత్రము చదివినపుడు, రూపసామ్యముచే ‘ప’ను ‘వ’గా పొరబడవచ్చును, అచ్చట పెనుకొండయే సరియగును.

ఇంతవరకు ఈ విద్య మెచ్చదగినదే. లోపమెక్కడనగా, ఎక్కువమంది వ్రాసినదే ఒప్పు అను భావమును ఇది తెలియకుండ నాటుచున్నది. 1941లో వెలువడిన జాషువా కావ్యము పేరును ‘గబ్బిలం’ అనియు ‘గబ్బిలము’ అనియు వ్రాయుట రెండును ఒప్పే. కాని వీని మధ్య దూరము రెండు. ‘గబ్బిళం’ తప్పు; దాని దూరము ఒకటే! పైగా తెలుగు మాటకు విభక్తులు చేరి ‘వినుకొండకు’, ‘వినుకొండలోని’ అని పెక్కు రూపములేర్పడును. ఇంటర్నెట్టులో తెలుగు వ్రాత ఇంగ్లీషుతో పోల్చిన చాల తక్కువ. అందుచేత అరుదైన సరియైన రూపము కూడ యంత్రమునకు తప్పుగా తోచు ప్రమాదమున్నది.

ఒక పాఠశాల తన గ్రంథాలయ పట్టికను వెబ్‌సైటులో ఉంచి, ఈ సౌకర్యమును చేర్చదలచినచో కొన్ని జాగ్రత్తలు అవసరము. పదముల జాబితాను తన పుస్తకముల పేర్లనుండియే తయారుచేయవలెను. విభక్తిని వేరుచేసి మూలపదమును పోల్చవలెను. ఒప్పైన రెండు రూపములను సమానముగా స్వీకరింపవలెను. ల-ళ, న-ణ, ఇ-ఎ వంటి మార్పులకు తక్కువ దూరము నియమింపవలెను. విద్యార్థి టైపు చేసిన మాటను చెప్పకుండ మార్చరాదు. ‘వెనుకొండ’కు రెండు ఊళ్లను చూపి, ఎన్నికను అతనికే విడువవలెను.

అటుపిమ్మట చేయవలసినది ఉపాధ్యాయుని పని. సీతాపహరణ వార్తను శ్రీరాముడు విన్న కొండ కనుక వినుకొండ అయినదని స్థలపురాణము చెప్పును. ‘పెను’ అనగా పెద్దది. ఈ కారణములు ఒకసారి తెలిసిన బాలుడు ఆ రెండు పేర్లను మరల తారుమారు చేయడు. యంత్రము సరియైన రూపమును అందించును గాని, అది ఎందుకు సరియో చెప్పదు. ఆ ‘ఎందుకు’ తరగతిగదిలో వినబడినంతకాలము ఈ సౌకర్యము చదువునకు సహాయమే అగును.