చీరపై తివాచీ: అమీర్‌పేట, పంజాగుట్ట విపణిలో ‘కలంకారీ’ రూపకల్పన - ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం
అమీర్‌పేట, పంజాగుట్ట వస్త్రదుకాణాలలో తివాచీని తలపించే చీరలు, లెహంగాలు, అనార్కలీలు విరివిగా కనిపిస్తాయి. నడుమ పెద్ద పతకం, చుట్టూ తీగలు, వరుస అంచులు, ముదురు ఎరుపు, నీలం వీటి లక్షణాలు. యంత్రముద్రణతో తయారైన వాటిని కూడా ‘కలంకారీ’ పేరుతో అమ్మడం పరిపాటి. ఈ రూపకల్పన వస్త్రధర్మానికి ఎంతవరకు తగినదో, ఆ పేరు ఎంతవరకు చెల్లుతుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

2. పూర్వరంగం
తివాచీ అలంకారం బట్టపైకి రావడం కొత్త కాదు. కుతుబ్‌షాహీల కాలంలో (1518-1687) మచిలీపట్నం రేవు నుండి అద్దకపు బట్టలు పారసీక దేశానికి ఎగుమతి అయ్యాయి. అక్కడి అభిరుచి ఇక్కడి అద్దకంలో ప్రవేశించింది. ‘కలంకారీ’ అన్న మాటే పారసీకం. తివాచీ నేత కూడా తెలుగు నేలకు పరాయిది కాదు. వరంగల్ తివాచీలు 1851 లండన్ మహాప్రదర్శనకు వెళ్లాయి. వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది.

3. పరచే బట్ట - కట్టే బట్ట
తివాచీ నేలపై పరచేది. దాని మధ్యపతకం, నాలుగు మూలల సౌష్ఠవం ఒకేచూపులో అందుతాయి. తెరలకు, పరుపు దుప్పట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. చీర అలా కాదు. కుచ్చిళ్లలో మడతపడి, ఒంటిని చుట్టి, పైటగా జారుతుంది. దుకాణంలో బల్లపై పరచినప్పుడు మురిపించిన పతకం కట్టుకొన్నాక కుచ్చిళ్లలో ముక్కలవుతుంది. మళ్లీమళ్లీ వచ్చే చిన్న బుటా, మామిడిపిందె, సన్నని లత మడతలోనూ రూపం కోల్పోవు. పెడన అచ్చుల సంప్రదాయంలోని ఔచిత్యం ఇదే. పెద్ద పతకానికి తగిన చోటు పైటకొంగు. అక్కడ బట్ట కొంతైనా విప్పారి కనిపిస్తుంది.

4. వర్ణయోజన
సంప్రదాయ అద్దకంలో రంగు ప్రక్రియను అనుసరిస్తుంది. కరక్కాయలో ఊరిన బట్టపై ఇనుము, బెల్లం పులియబెట్టిన ద్రవం నలుపునిస్తుంది. పటిక అద్దినచోట ఎరుపు నిలుస్తుంది. నల్లని గీత ఒక రంగును మరొకదాని నుండి వేరుచేస్తుంది. యంత్రముద్రణకు ఈ కట్టుబాటు లేదు. ఆ స్వేచ్ఛతో ఛాయలు పెంచి, నేపథ్యాన్నీ బొమ్మనూ కలగలపడం వల్ల స్పష్టత లోపిస్తోంది.

5. పేరు
మచిలీపట్నం అద్దకంలో బొమ్మను తీర్చేది ప్రధానంగా చెక్క అచ్చులే. కనుక ‘కలం లేదు కాబట్టి కలంకారీ కాదు’ అన్న వాదం నిలవదు. యంత్రాన్ని నిందించడం కూడా సరికాదు; తక్కువ ధరకు నచ్చిన చీర దొరకడం మేలే. అభ్యంతరం వేరు. ఒకే పేరు కింద రెండింటినీ అమ్మితే, రోజుల తరబడి ఉడికించి, ఉతికి, ఎండబెట్టిన శ్రమకు అడిగే ధర కొనుగోలుదారుకు అకారణంగా తోస్తుంది. నష్టపోయేది అద్దకందారు.

6. ముగింపు
తివాచీ చీరకు ఆకరం కావచ్చు, నమూనా కారాదు. దాని తీగను, అంచును, వర్ణవైరుధ్యాన్ని కట్టుతీరుకు అనువుగా మలచినప్పుడే రూపకల్పన సార్థకమవుతుంది. ముద్రించిన బట్టను ‘కలంకారీ నమూనా ముద్రణ’ అని పేర్కొంటే అటు కొనుగోలుదారుకూ ఇటు వృత్తికారునికీ న్యాయం జరుగుతుంది.