ఉర్సులా బోగ్నర్: అట్ట మీది కథ

2008లో బెర్లిన్ నుంచి ఒక రికార్డు వచ్చింది: ‘ఉర్సులా బోగ్నర్ – రికార్డింగ్స్ 1969–1988’. అట్ట మీది కథ ప్రకారం ఈవిడ 1946లో డోర్ట్‌మండ్‌లో పుట్టింది. షెరింగ్ మందుల కంపెనీలో ఫార్మసిస్టు, పిల్లల తల్లి. ఉద్యోగం, ఇల్లు పోగా మిగిలిన వేళల్లో సొంత స్టూడియోలో కూచుని టేపులు నింపేది. ఆమె పోయాక, సంగీతకారుడు యాన్ యెలినెక్‌కి విమానంలో ఆమె కొడుకు తగిలాడట, టేపులు బయటపడ్డాయట.

ఉర్సులా అనే మనిషే లేదనీ, అదంతా యెలినెక్ పనేననీ ఇప్పుడు దాదాపు అందరూ అనుకునేదే. ఫోటోల్లో ఉన్నది విగ్గు పెట్టుకున్న ఆయనేనని కొందరు అప్పుడే పసిగట్టారు. లేబుల్ పేరు ‘ఫైటిష్’. వాస్తవం, ఆరాధనా వస్తువు అనే రెండు ఫ్రెంచి మాటల్ని అతికించిన ఈ పదం బ్రూనో లటూర్‌ది. అంటే గుట్టు తలుపు మీదే రాసి ఉంది, మనమే చదవలేదు.

పాటలు చిన్నవి, చిలిపివి, బావున్నాయి కూడా. కానీ వినేవాళ్లని నమ్మించింది పాటలు కాదు, అట్ట. మా వృత్తి భాషలో చెప్పాలంటే గిట్‌లో కమిట్‌కి ఏ తేదీ అయినా వేసుకోవచ్చు, కోడ్ నోరెత్తదు. కాగితాన్ని నమ్మకుండా ఉండలేం కూడా. మా పుంగనూరు పక్కన మదనపల్లెలో 1919లో టాగూరు జనగణమన పాడిన సాయంత్రం మనకు చేరింది కాగితాల మీదే కదా.

దీనికి సరిగ్గా తలకిందులు చరణ్‌జిత్ సింగ్ కథ. బొంబాయి సినిమా పాటలకు గిటార్ వాయించిన ఈయన 1982లో రోలాండ్ యంత్రాల మీద పది రాగాలను డిస్కో లయలో రికార్డు చేశాడు. అందులో మాల్‌కౌన్స్ (మన హిందోళం), భూపాలి (మన మోహన) కూడా ఉన్నాయి. చికాగోలో ఆసిడ్ హౌస్ పుట్టడానికి నాలుగైదేళ్ల ముందు! 2010లో మళ్లీ విడుదలైతే చాలామంది ఇది బూటకం అన్నారు, ఏఫెక్స్ ట్విన్ చేశాడేమో అన్నారు. పాత ఎల్పీలున్నాయి, మనిషి అప్పటికి ముంబైలో బతికే ఉన్నాడు. అయినా అనుమానమే. ఊహల్లోని జర్మన్ ఫార్మసిస్టుకు దొరికిన చనువు ఈ పెద్దాయనకు దొరకలేదు.

ఆటగా చూస్తే బోగ్నర్ సరదాగానే ఉంటుంది. నాకు గుచ్చుకునేది వేరే. ఆ కథ మొదలయ్యే 1969లోనే అహమ్మదాబాదు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ సింథసైజర్ బిగించాడు. దాని మీద పనిచేసినవాళ్లలో గీతా సారాభాయ్ ఒకరు. విక్రమ్ సారాభాయ్ చెల్లెలు, పఖావజ్ నేర్చిన మనిషి, 1946లో జాన్ కేజ్‌కి మన సంగీతం గురించి పాఠం చెప్పినావిడ. ఆ టేపులు సంస్థ భండారంలోనే పడి ఉండి, పాల్ పుర్గస్ వెలికి తీస్తే, 2023లో రికార్డుగా వచ్చాయి. లేని ఉర్సులాకి 2011 నాటికే రెండో రికార్డు కూడా వచ్చేసింది.