బడి గంట తర్వాత: స్వామి, కుంవీ

తెలుగు కథకుడి కష్టసుఖాల మాట వచ్చినప్పుడల్లా మనం అతన్ని ఇంకో తెలుగు కథకుడితోనే పోల్చుకుంటాం. కోస్తా రచయిత పక్కన సీమ రచయితను నిలబెడతాం. హైదరాబాదులో ఉన్నవాడి పక్కన పల్లెలో ఉన్నవాణ్ణి నిలబెడతాం. ఆంధ్ర, కర్ణాటక సరిహద్దులో ఉన్న అగళిలో నిలబడి చూసేవాడికి ఇంకో పోలిక కళ్లెదుటే ఉంటుంది. అగళి, రొళ్ల, అమరాపురం, గుడిబండ మండలాల్లో చాలా ఇళ్లలో మాట్లాడేది కన్నడం, కచేరీలో నడిచేది తెలుగు. పడమటికి పోతే శిరా, తూర్పుకు వస్తే మడకశిర, హిందూపురం. తెలుగు బడీ కన్నడ బడీ రెండూ ఉన్న సీమ ఇది. ఇక్కడ కథ రాయాలని కూర్చునే కుర్రవాడికి వెనక రెండు సాహిత్యాలున్నాయి. ఒకటి మనకు బాగా తెలుసు. రెండోది పొలిమేర అవతలే ఉన్నా మనం చూసింది తక్కువ.

ఆ రెండింటి నుంచీ ఒక్కొక్కరిని తీసుకుంటాను. ఇటు బండి నారాయణస్వామి, అనంతపురం కథకులు, పాఠకులకు ‘స్వామి’. అటు కుం. వీరభద్రప్ప, బళ్లారి సీమ కథకులు, కన్నడ పాఠకులకు ‘కుంవీ’. స్వామి 1952లో పుట్టారు, కుంవీ 1953లో. ఇద్దరూ బడిలో పాఠాలు చెప్పి రిటైరైనవాళ్లే. ఇద్దరికీ కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. కుంవీకి ‘అరమనె’ నవలకు 2007లో, స్వామికి ‘శప్తభూమి’ నవలకు 2019లో. రెండు నవలలకూ ఆధారం ఒకప్పటి దత్తమండలాల నేలే. ఇంత దగ్గరి చుట్టరికం ఉన్నచోటే తేడాలు కూడా తేటగా కనిపిస్తాయి.

ముందు ఉద్యోగం సంగతి. రాతతో ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. జీతం బడి ఇచ్చింది, కాలాన్ని కూడా బడే తీసుకుంది. ప్రభుత్వ టీచరు పని పాఠంతో అయిపోదు. పేపర్లు దిద్దాలి, రిజిస్టర్లు రాయాలి, జనాభా లెక్కలకు తిరగాలి, ఎన్నికలొస్తే పెట్టె మోసుకుని పోవాలి. ఇవన్నీ తీరాక మిగిలిన రాత్రులూ ఆదివారాలూ వేసవి సెలవులే కథకుడివి. మొదలుపెట్టిన కథ పరీక్షల కాలంలో ఆగిపోతే, మళ్లీ తెరిచేసరికి ఆ గొంతు చిక్కదు. చిన్న కథకైతే ఒక రాత్రి చాలు. నవలకు ఏళ్లు కావాలి, ఆ ఏళ్లు ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. బడిలో ఉంటూ నవలలు రాశారంటే, ఆ ముక్కల్ని అతికించుకునే ఓపిక ఇద్దరికీ ఉందన్నమాట.

అయితే స్వామిది సొంత నేల మీది ఉద్యోగం, కుంవీది పరాయి రాష్ట్రపు ఉద్యోగం. స్వామి అనంతపురంలో పుట్టి, ఆ మనుషుల మధ్యే బతికి, ఆ వీధుల్నే రాశారు. కుంవీ పుట్టింది అప్పటి బళ్లారి జిల్లా కొట్టూరులో. కన్నడ మేష్ట్రుగా ఏళ్ల తరబడి పనిచేసింది మాత్రం మన కర్నూలు జిల్లా సరిహద్దు పల్లెల్లో, కన్నడ బడుల్లో. చుట్టూ వినిపించేది తెలుగూ కన్నడం కలిసిన మాట, జీతమిచ్చేది ఆంధ్ర ప్రభుత్వం, రాసేది కన్నడం. ఆయన తొలినాళ్ల కవితా సంపుటి పేరు ‘దివి సీమెయ హాడు’, అంటే దివిసీమ పాట. ఆ పేరు వినగానే మనకు 1977 నవంబరు ఉప్పెన గుర్తొస్తుంది. కన్నడ కవి మొదటి అడుగుల్లోనే తెలుగువాళ్ల సీమ పేరు ఉండటం కాకతాళీయం అనుకోను. మనుషుల మధ్య మసిలినవాడికి వాళ్ల దుఃఖం ఏ భాషదని తోచదు.

సొంత ఊళ్లో ఉండి రాసేవాడికి ఒక ఇబ్బంది ఉంది. అతను రాసిన ప్రతి మనిషినీ ఎవరో ఒకరు గుర్తుపడతారు. పొద్దున కథ అచ్చయితే సాయంత్రానికి ఫలానావాడి గురించి రాశావంటారు. పరాయి ఊళ్లో ఉండి రాసేవాడికి ఇంకో ఇబ్బంది. ఆ ఊరివాళ్లు అతని భాష చదవరు, అతని భాష చదివేవాళ్లు ఆ ఊరిని చూడలేదు. మొదటివాడికి మొహమాటం అడ్డు, రెండోవాడికి ఒంటరితనం అడ్డు. స్వామి కథల్లో మనుషుల పట్ల కనిపించే ఆచితూచి నడిచే మర్యాద మొదటిదాని నుంచి వచ్చిందని నాకు అనిపిస్తుంది. అలాగే కుంవీ కథనంలో ఊరు ఊరంతా ఒక్కసారి మాట్లాడినట్టుండే జోరు రెండోదాని నుంచి వచ్చిందనిపిస్తుంది. తనను చదవని ఊరి గురించి రాసేవాడు ఆ ఊరి గొంతులన్నీ తన పేజీలోకే పిలుచుకోవాలి మరి.

భాష దగ్గర ఇద్దరి పోరాటమూ ఒకటే. సీమ మాటను కథనంలోకి తెస్తే తెలుగు పాఠకుల్లో కొందరికి కొరుకుడు పడదు. సంభాషణల వరకు సరేగానీ మిగతాది మామూలు తెలుగులో రాయమనే సలహా సీమ కథకులకు కొత్తది కాదు. స్వామి తన నవలకు ‘గద్దలాడతండాయి’ అని పేరు పెట్టి, ఆ మాటను లోపల దాచకుండా అట్ట మీదికే తెచ్చారు. అటు కుంవీ కొట్టూరు, బళ్లారి కన్నడాన్ని, అందులో కలిసిపోయిన తెలుగు, ఉర్దూ మాటలతో సహా, ఏ జంకూ లేకుండా వాడారు. మైసూరు కన్నడానికి అలవాటు పడ్డ పాఠకుడు అక్కడ తడబడతాడు. విచిత్రంగా, కన్నడం కొద్దిగా వచ్చిన అనంతపురం మనిషి ఆ పేజీలోనే హాయిగా నడుస్తాడు. రాజధానికి దూరమైన మాటలు ఒకదానికొకటి దగ్గర. దాని ఖరీదు మాత్రం ఇద్దరూ చెల్లించారు. తమ మాండలికంలో రాసినవాళ్లకు ప్రాంతీయ రచయితలన్న పేరు తొందరగా వస్తుంది, రచయితలన్న పేరు ఆలస్యంగా వస్తుంది.

ఇక ఆ రెండు నవలలు. 1800లో నిజాం ఈ దత్తమండలాల జిల్లాల్ని ఇంగ్లీషువాళ్లకు వదిలేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉండి పాలెగాళ్లను అణిచాడు. ‘అరమనె’లో ఆ మన్రో పాత్రగా వస్తాడు. కోట కూలుతున్న పాలెగాళ్ల వంశం, జనం మీదికి దిగే దేవత, కొత్తగా వచ్చిన దొర, వీటి మధ్య ఊరు. చరిత్ర అక్కడ జానపదుడి నోట పడి పురాణంలా పొంగుతుంది. ఏది జరిగింది, ఏది జనం కల్పించుకున్నది అని విడదీయబోతే చేతికి రాదు. ‘శప్తభూమి’ దానికి కాస్త ముందుకాలం, పద్దెనిమిదో శతాబ్దంలో అనంతపురాన్ని ఏలిన హండె రాజుల రోజులది. అక్కడ కూడా రాజులున్నారు, పాలెగాళ్లున్నారు, కరువుంది. చెప్పే తీరు వేరు. స్వామి నింపాదిగా, సాక్ష్యం చెప్పేవాడిలా చెబుతారు. చెరువు, గుడి, పొలం, సైన్యం, వీటిని మోసిన కింది కులాల మనుషుల బతుకును ఒక్కొక్క ఆచారం దగ్గరా ఆగి చూపిస్తారు. కుంవీ చేతిలో చరిత్ర జాతరలా కదిలితే, స్వామి చేతిలో శాసనంలా నిలబడుతుంది.

రెండూ నాకు ఇష్టమే. ‘అరమనె’ చదువుతున్నప్పుడు ఆ ఉరవడిలో కొట్టుకుపోతాం, ఒక్కోచోట ఒడ్డు ఎక్కడో తెలియదు. ‘శప్తభూమి’లో ఒడ్డు ఎప్పుడూ కనిపిస్తుంది, ఒక్కోచోట సమాచారం బరువై కథ నెమ్మదిస్తుంది. రెండింటి లోపాలూ వాటి గుణాల నుంచే పుట్టాయి. రాజుల పేరు చెప్పి ఇద్దరూ లెక్క తీసింది మాత్రం రాజులది కాదు, వాళ్ల కింద నలిగినవాళ్లది. కరువు ఒకసారి వచ్చి పోయేది కాదని, ఇక్కడి మనిషి తరతరాలుగా దాన్ని మోస్తున్నాడని ఇద్దరికీ తెలుసు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం నేల మీద బతికినవాడికి ఆ సంగతి పుస్తకం చెప్పనక్కరలేదు.

రాయడం అయ్యాక మొదలయ్యే కష్టం ఉంది. అక్కడ తేడా పెద్దది. కన్నడంలో ప్రచురణ సంస్థలకు లోతైన వేళ్లున్నాయి. ధారవాడ మనోహర గ్రంథమాల 1933 నుంచి ఉంది, హెగ్గోడులో అక్షర ప్రకాశన ఉంది. ప్రభుత్వ గ్రంథాలయ శాఖ ఎంపిక చేసిన పుస్తకాల్ని టోకుగా కొనే ఏర్పాటుంది. డబ్బులు ఆలస్యం అవుతున్నాయని అక్కడివాళ్లు గొడవపడతారు. గొడవపడటానికైనా ఒక ఏర్పాటు ఉంది. ఇక్కడ చాలామంది కథకులు ఐదొందలో వెయ్యో కాపీలు సొంత జీతంతో అచ్చేయించుకుంటారు. సగం మిత్రులకు పంచుతారు, మిగతావి ఇంట్లో అటక మీద ఉంటాయి. తెలుగు నవలకు ఊతం పోటీల నుంచి వచ్చింది, ఆ పోటీల్లో పెద్దవి సముద్రాల అవతలి తెలుగువాళ్లు పెట్టినవి. ‘శప్తభూమి’కి అకాడమీ కంటే ముందు 2017లో తానా నవలల పోటీ బహుమతి వచ్చింది. అనంతపురం కరువు కథకు మొదటి పెద్ద మెప్పు అమెరికా తెలుగువాళ్ల నుంచి రావడం వాళ్ల గొప్పతనమే. అదే సమయంలో ఇంటి దగ్గర ఉన్న ఖాళీ ఎంతో కూడా అది చెబుతుంది.

సినిమా దగ్గర తేడా ఇంకా పెద్దది. కుంవీ కథను నాగతిహళ్లి చంద్రశేఖర్ 1994లో ‘కొట్రేశి కనసు’గా తీశారు. మరో కథను గిరీశ్ కాసరవళ్లి 2011లో ‘కూర్మావతార’గా తీశారు. రెండూ జాతీయ పురస్కారాలు పొందిన సినిమాలే. పుస్తకం ముట్టని వాడి దగ్గరికి కూడా ఆ కథకుడు అలా చేరాడు. శిరా తాలూకా బరగూరు నుంచి వచ్చిన బరగూరు రామచంద్రప్ప నవలా రాసి, సినిమా కూడా తానే తీశారు. ఆ బరగూరు అగళికి పొరుగు తాలూకాలోదే. ఇక్కడేమో రాయలసీమను తెలుగు సినిమా చూపించినంతగా ఎవరూ చూపలేదు, ఆ సినిమాలో సీమ కథకుడు మాత్రం లేడు. కత్తులూ, బాంబులూ, సుమోలూ తెర మీదికి వెళ్లాయి. బోరు ఎండిపోయిన రైతు, వలస పోయిన కూలి కథలోనే మిగిలారు. అందుకే సీమ రచయిత రెండు పనులు చేయాల్సి వచ్చింది. తన కథ చెప్పాలి, తన నేల గురించి ఇతరులు చెప్పిన కథను చెరపాలి. కన్నడ కథకుడికి ఆ రెండో బరువు ఇంతగా లేదు.

అలాగని ఇటు ఉన్నది లేమి ఒక్కటే కాదు. తెలుగు వైపు ఉన్న ఒక సంపద అవతల అంత తేలిగ్గా కనబడదు. అది కథకుడికి కథకుడు అండగా నిలవడం. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టి, తెలుగు కథలన్నిటికీ ఇల్లు కట్టారు. కథాసాహితి 1990 నుంచి ఏటేటా మంచి కథల సంకలనం తెస్తోంది. అనంతపురంలో సింగమనేని నారాయణ తన కథలు రాసుకుంటూనే, ఎన్నో సీమ కథల్ని వెతికి సంకలనాలుగా తెచ్చారు. ఆయనా బడిలో తెలుగు చెప్పినవారే. 1943లో బండమీదపల్లెలో పుట్టి 2021లో వెళ్లిపోయారు. వాన మీద ఆధారపడ్డ వేరుశనగ సేద్యాన్ని ‘జూదం’ కథలో చూపిన మనిషి, తన కాలంలో ఎంతో భాగాన్ని ఇతరుల కథలకు ఇచ్చేశారు. కన్నడంలో సంస్థ చేసే పనిని తెలుగులో ఇలా ఒక్కొక్క మనిషి భుజాన వేసుకున్నాడు. సంస్థ ఎక్కువకాలం నిలుస్తుంది. మనిషి ఇచ్చే ఆప్యాయత సంస్థ ఇవ్వలేదు.

మరి వీళ్లకు దక్కిందేమిటి? పురస్కారం ఒకటి. 2019లో అకాడమీ ఇచ్చేది లక్ష రూపాయలు. ఒక నవల వెనక గడిచిన ఏళ్లను దానితో కొలవలేం. అసలు ఫలం ఇద్దరికీ ఒకే చోట దొరికిందని నా నమ్మకం. కాలాన్ని తినేసిన ఆ బడే వాళ్లకు మనుషుల్ని ఇచ్చింది. కరువు ఏడాదిలో హాజరు పట్టీలోంచి పిల్లల పేర్లు ఎలా రాలిపోతాయో టీచరుకు ముందు తెలుస్తుంది. ఏ ఇంట్లో పొయ్యి రాజలేదో మధ్యాహ్నం బెంచీ మీద తల వాల్చిన పిల్లవాణ్ణి చూస్తే తెలుస్తుంది. నగరంలో కూర్చుని పూర్తి కాలం రాసుకునేవాడికి తీరిక ఉండొచ్చు, ఈ ఎరుక రావడం కష్టం. రాయడానికి అడ్డమని విసుక్కున్న ఉద్యోగమే రాయడానికి కారణమైంది. స్వామి విషయంలో ఇది ఎంత నిజమో, తన జీవితాన్ని ‘గాంధి క్లాసు’ ఆత్మకథగా రాసుకున్న కుంవీ విషయంలోనూ అంతే నిజం.

అగళి వైపు ఇప్పుడు కథ మొదలుపెట్టేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఈ పోలిక చేశాను. వాళ్లు స్వామి దగ్గర ఓపికను నేర్చుకోవాలి, కుంవీ దగ్గర తెగువను నేర్చుకోవాలి. ఏ భాషలో రాసినా రెండో భాషను వదులుకోవద్దు. వక్కతోటల కూలి గురించి, గొర్రెల మందల వెంట పోయేవాళ్ల గురించి, ఇంట్లో ఒక భాష బడిలో ఒక భాషగా పెరిగే పిల్లల గురించి రాయాల్సింది చాలా ఉంది. ఆ కథలు స్వామివీ కావు, కుంవీవీ కావు, ఈ నాలుగు మండలాలవి. వాటి కోసం మన సంస్థలు చేయగల పనులు రెండున్నాయి. సీమ రచయితల కొత్త పుస్తకాన్ని ఇక్కడి శాఖా గ్రంథాలయాలు కొనాలి. ఈ సరిహద్దు బడుల్లో తెలుగు పిల్లలకు ఒక కన్నడ కథ, కన్నడ పిల్లలకు ఒక తెలుగు కథ అనువాదంలోనైనా అందాలి. ఖర్చు తక్కువ పనులివి. ఇవి జరిగితే రేపటి కథకుడు తన మొదటి పుస్తకాన్ని అటక మీద పెట్టుకోనక్కరలేదు. తన పొరుగువాణ్ణి చదవకుండా రాయాల్సిన అవస్థ కూడా అతనికి ఉండదు.