చెవి అచ్చు మానిటరు: అమరికను తేల్చు పరీక్ష

కోనసీమలో మాఘమాసమున అంతర్వేది తీర్థమునకు గాని, కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థమునకు గాని వెళ్ళినవారికి అచ్చటి మ్రోత అనుభవమే. డప్పులు, మేళములు, లౌడుస్పీకర్లు ఒక్కసారి మ్రోగునపుడు ప్రక్కవాని మాట వినరాదు. అట్టి మ్రోత నడుమ వేదికపై పాడువానికి తన గొంతు తనకు వినిపించు సాధనము చెవి అచ్చు మానిటరు. పాడువాని చెవికి అచ్చు తీసి, ఆ చెవికే సరిపడునట్లు దీనిని చేయుదురు. 1995లో అమెరికాలో జెర్రీ హార్వే అను సౌండు ఇంజనీరు, డ్రమ్ము వాద్యకారుడగు అలెక్స్ వాన్ హేలెన్ కొరకు ఇట్టిదానిని తయారుచేసెను. నేడు చిన్న బృందములవారును దీనిని కొనుచున్నారు.

అయితే దీని మంచిచెడ్డలను తేల్చు పద్ధతి మాత్రము సరిగా లేదు. వచ్చిన సాధనమును చెవిలో పెట్టుకొని, అద్దములో చూచుకొని, తల రెండుసార్లు ఊపి "బాగున్నది" అనుట పరిపాటి. క్రొత్త చెప్పులతో అంగడిలో నాలుగడుగులు వేసి, కాలికి కరవవని నమ్ముట వంటిదే ఇదియును.

ఇందుకు కారణము చెవి నిర్మాణములోనే కలదు. కర్ణనాళము సుమారు 2.5 సెంటీమీటర్ల పొడవున, వంపులు తిరిగి ఉండును. వెలుపలి మూడవవంతు మృదులాస్థి. లోపలి భాగము ఎముక, దానిపై చర్మము మిక్కిలి పలుచన. దవడ కీలు నాళమునకు సరిగా ముందు ఉన్నందున, నోరు తెరచినపుడు వెలుపలి భాగపు ఆకృతి మారును. కావున నోరు మూసి తీసిన అచ్చు, పై స్థాయిలో పాడునపుడు వదులగుట సహజము. పండ్ల మధ్య చిన్న దిమ్మ ఉంచి, నోరు తెరచి అచ్చు తీయించుకొనుట గాయకులకు మేలు.

వదులైనచో మొదట పోవునది మంద్రధ్వని. బయటి మ్రోత లోనికి చొచ్చును. గాయకుడు తెలియకయే శబ్దమును పెంచును. అపాయమంతయు ఇక్కడనే ఉన్నది. 85 డెసిబెళ్ళ ధ్వనిని దినమునకు 8 గంటల వరకు వినవచ్చునని ఒక ప్రమాణము. ప్రతి 3 డెసిబెళ్ళకు ఆ కాలము సగమగును. 94 వద్ద ఒక గంట, 100 వద్ద 15 నిమిషములు మాత్రమే. రాత్రంతయు సాగు కచేరీలో ఇది ఎంతటి లెక్క! చెవిలోని సూక్ష్మ రోమకణములు ఒకసారి నశించినచో తిరిగి మొలవవు. కనుక అమరిక సౌఖ్యము కొరకే కాదు, వినికిడి రక్షణ కొరకును.

బిగువు మితిమీరుటయు దోషమే. ఒక గంట తరువాత ఒకేచోట నొప్పి పుట్టి, చర్మము ఎఱ్ఱబడినచో అచ్చు అచట ఒత్తుచున్నదని అర్థము. అక్రిలిక్ గట్టిది, కాని అరగదీసి సరిచేయవచ్చును. సిలికోన్ మెత్తనిది, దవడ కదలికకు లొంగును. సవరించుట మాత్రము కష్టము. మెత్తదనమే సౌఖ్యమని భ్రమపడరాదు. ఇక తన గొంతు కుండలో మాటలాడినట్లు గుమ్ముమనుట నాళము మూసుకొనినందున కలుగునది. దానినిబట్టియే అచ్చును తప్పుపట్టరాదు.

కోనసీమ ఉక్కపోత మరియొక పరీక్ష. చెమటకు అచ్చు జారును. చెవిలో తడి నిలిచినచో ఆస్పర్జిల్లస్, కాండిడా వంటి శిలీంధ్రములు పెరుగును. వాడిన పిమ్మట తుడిచి, ఆరబెట్టి, పొడి డబ్బాలో ఉంచవలెను. దురద గాని, చీము గాని కనిపించినచో వాడుక మాని వైద్యుని చూడవలెను.

కాబట్టి పరీక్ష ఇట్లుండవలెను. మంద్రధ్వని ఎక్కువగా గల పాటను ఒకే స్థాయిలో పెట్టి, నోరు బాగుగా తెరచి, మెడ త్రిప్పి, గొంతెత్తి పాడి చూడవలెను. మంద్రము తగ్గినచో అచ్చు వదులు. పిమ్మట రెండు గంటలు, చెమట పట్టువరకు ధరించి నొప్పి ఎక్కడనో గుర్తింపవలెను. ఎన్ని దినములలోగా ఉచితముగా సవరింతురో డబ్బు చెల్లింపకముందే అడిగి తెలిసికొనవలెను.

ఈ సాధనమునకు లోపములు లేకపోలేదు: వెల ఎక్కువ, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు, శ్రోతల చప్పట్లును వినబడవు. అయినను చక్కగా అమరినపుడు ఇది వాద్యకారుని చెవికి కాపలా. చక్కగా అమరనిది ఎంత ఖరీదైనదైనను, ఆ చెవికే ముప్పు.