బందరు దారి

పురానాపూల్ మీద ఆగి మూసీని చూసేవాళ్లు తక్కువ. నేను ఆగుతాను. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించిన ఈ వంతెన గోల్కొండ నుంచి మా కార్వాన్ మీదుగా వచ్చే దారిని ఏరు దాటించింది. కుతుబ్‌షాహీల కాలంలో తూర్పుకు పోయే బాటసారులు బందరు చేరేదాకా నడిచేవారు, అక్కడ సముద్రం అడ్డొచ్చేది.

కార్వాన్ అంటే పారశీకంలో బిడారు, బందరు అంటే రేవు. బందరు గుడ్డల మీది రంగుల పనికి పేరైన కలంకారీ కూడా పారశీక మాటే. వచ్చి వెళ్లినవాళ్లు పెట్టిన పేర్లివి. ఊళ్లో ఉండి రంగుల్లో చేతులు నానబెట్టినవాళ్లు మాత్రం ఆ పనిని 'అద్దకం' అన్నారు. నాకు ఆ మాటే దగ్గర.

నిజానికి బందరు అంత మంచి రేవు కాదు. ఒడ్డున లోతు చాలదు. పెద్ద ఓడలు దూరాన లంగరేస్తే పడవలు సరుకు మోసేవి. అయినా 1605లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. తూర్పు దీవుల్లో లవంగాలు, జాజికాయ కొనాలంటే మన గుడ్డ చేతిలో ఉండాలి మరి! 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన దాదాపు 30 వేల మందిని మింగేసింది. ఆ తర్వాత రేవు మునుపటిలా లేదు, అద్దకం మిగిలింది.

బందరు పక్కనే పెడనలో ఆ పని చూశాను. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన గుడ్డను బల్ల మీద పరిచారు. టేకు అచ్చును రంగులో అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ. ఇనుప ముక్కలు, బెల్లం కలిపి రోజుల తరబడి ఊరబెట్టిన నీళ్లు కరక్కాయ తగలగానే నల్లబడ్డాయి. ఎరుపుకు అద్దేది పటిక. అది వెంటనే తేలదు. ఎర్ర రంగు కాగులో వేసి ఉడకబెట్టినప్పుడు, పటిక తాకిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఆ కాగు దగ్గర చాలాసేపు నిలబడిపోయాను.

"కాలవ పారుతుండాలండీ. నిలవ నీళ్లలో జాడిస్తే రంగంతా గుడ్డకే అంటుకుంటుంది," అన్నాడు ఒకాయన, గుడ్డ పిండుతూనే. ఎక్కడినుంచి వచ్చారని అడిగితే కార్వాన్ అన్నాను. అదెక్కడో ఆయనకు తెలియదు.

కొన్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని రాత్రి బస్సెక్కాను. తెల్లారేసరికి మళ్లీ పురానాపూల్. దుప్పటికి ఇంకా కరక్కాయ వాసన పోలేదు.