పోయినవాళ్ల తరఫున లెక్క

కన్నుమూసిన మనిషి సొమ్ము తిన్నాడని ఎవరైనా అంటే, ఇంట్లోవాళ్ల నోట వచ్చే మొదటి మాట ‘ఆయన అలాంటివాడు కాదు’ అన్నదే. ఆ బాధ నిజమైనదే. కానీ నింద పడింది సొమ్ము దగ్గర. బదులు చెప్పాల్సింది చిట్టా, ఆవర్జా, రసీదులు. జయలలిత ఆస్తుల కేసే చూడండి. 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు ఆమెకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. 2015లో కర్ణాటక హైకోర్టు నిర్దోషి అంది. ఆదాయానికి మించిన ఆస్తి 8.12 శాతమేననీ, 10 శాతం లోపు కనుక నేరం కాదనీ తేల్చింది. తీరా చూస్తే ఆదాయంలో కలిపిన అప్పుల మొత్తం 24.17 కోట్లని తీర్పులో వేశారు. పద్దులు కూడితే వచ్చేది 10.67 కోట్లే. తీర్పంతా ఆ కూడిక మీదే నిలబడింది.

ఆమె 2016 డిసెంబరు 5న మరణించారు. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆమెతోపాటు నిందితులైన మిగతా ముగ్గురి శిక్షను నిలబెట్టి, ఆమెపై విచారణ మరణంతోనే ముగిసిందంది. జప్తయిన ఆస్తుల కోసం వారసులు వెళ్తే, అలా ముగియడం నిర్దోషి అన్నట్టు కాదని 2025 జనవరిలో కర్ణాటక హైకోర్టు చెప్పింది. కేసు ముగిసినంత మాత్రాన పరువు తిరిగి రాదు. జైలుశిక్ష పడి, తానే అప్పీలు చేసుకున్న మనిషి మధ్యలో పోతే మాత్రం చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు 30 రోజుల్లో కోర్టు అనుమతి అడిగి ఆ అప్పీలు నడపవచ్చు. పెద్దకర్మ అయ్యేసరికే దాదాపు సగం గడువు కరిగిపోతుంది!

వారసులకు ఆస్తి మీద ఆశ ఉంటుంది, వాళ్ల మాట నమ్మేదెలా అంటారు. నమ్మనక్కర్లేదు, కాగితాలు చూడండి. పరువునష్టం కేసు వేస్తే సరిపోదా అంటారు మరికొందరు. కుటుంబాన్ని నొప్పించాలనే చనిపోయినవారిపై నింద వేయడం మన చట్టంలో నేరమే. అయితే ఎదుటివాడి నోరు మూయించినంత మాత్రాన పద్దు తేలదు. లెక్క ఎదురు తిరిగితే? తిరిగినంత మేరకు ఒప్పుకోవాల్సిందే, అంతకు మించి ఒక్క రూపాయి కూడా ఒప్పుకోకూడదు. వోచరు కనబడకపోవడం వేరు, సొమ్ము మాయమవడం వేరు. సంతకం పోయినవారిదే కావచ్చు. ఆ రోజు బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయి, ఛార్జి ఎవరు తీసుకున్నారు, అప్పుడు నగదు ఎవరు లెక్కపెట్టారు?