మణికట్టు మీద మూడు వేళ్లు

"అన్నయ్యా, ఆయన గుండె మళ్లీ దడదడలాడుతోంది. అన్ని లక్షలూ బూడిదలో పోసిన పన్నీరేనా?" ఆదివారం రాత్రి నూజివీడు నుంచి చెల్లెలి ఫోను. గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కని బావగారికి అబ్లేషన్ చేయించి మూడు వారాలైంది.

మొదటి వారాల్లో ఇలా లయ తప్పవచ్చని ఇంటికి పంపేటప్పుడు ఎవరూ విడమరిచి చెప్పలేదని కోపమొచ్చింది. ఊపిరితిత్తుల నుంచి గుండెకు నెత్తురు తెచ్చే సిరల్లోనే ఎక్కువగా ఆ తప్పుడు స్పందనలు పుడతాయని 1998లో ఫ్రాన్స్‌లో హైసాగేర్ బృందం చూపించింది. అందుకే అబ్లేషన్‌లో ఆ సిరల మొదళ్ల చుట్టూ కాలుస్తారు, లేదా అతిచల్లదనంతో గడ్డకట్టిస్తారు. అక్కడ వచ్చిన వాపు తగ్గాలి, మచ్చ గట్టిపడాలి. ఈలోగా లయ తప్పితే చికిత్స పోయినట్టు లెక్క కట్టరు. ఆ గడువు ఇదివరకు మూడు నెలలు, 2024లో ఎనిమిది వారాలన్నారు. చిన్నరసాలు గడ్డిలో మాగేసి మర్నాడే పుల్లనని పారబోస్తామా?

మా తాతయ్య తోటలో నులకమంచం మీద కూర్చుంటే కాయకోతకొచ్చిన వాళ్లు నాడి చూడమని చెయ్యి చాపేవారు. చూపుడువేలు వాతానికి, నడిమివేలు పిత్తానికి, ఉంగరపువేలు కఫానికి. పాములా సాగుతోందా, కప్పలా గెంతుతోందా, హంసలా నడుస్తోందా అని కళ్లు మూసుకుని వినేవారు. అట్టలూడిన వైద్యగ్రంథం బసవరాజీయం తలగడ కిందుండేది. ఆయన చేతుల నిండా మామిడి సొన కాల్చిన మచ్చలు. వాటి పక్కన నా వేళ్లు పెట్టించి నిమిషం నిండా లెక్కపెట్టించేవారు.

వాచీల కన్నా వేళ్లు మేలని, నాడి సమంగా ఉంటే నిశ్చింతేనని ఇదివరకు ఎన్నోసార్లు రాశాను.

సోమవారం పొద్దున్నే వెళ్లి బావగారి చెయ్యి పట్టుకున్నాను. ముత్యాలు గుచ్చినట్టుంది నాడి. "లయ కుదిరినట్టుంది, రక్తం పలచబరిచే మాత్ర ఆపేయనా బావా?" అన్నారు. లెక్కపెడితే 150. కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషికి!

ఈసీజీలో తేలింది: ఏట్రియల్ ఫ్లట్టర్. కాల్చిన మచ్చల మధ్య మిగిలిన సందుల్లోంచి విద్యుత్తు గిరగిరా తిరుగుతోంది. పై గది 300 సార్లు అదురుతుంటే రెండింటికొకటి కిందికి దిగుతోంది. అందుకే అంత సమంగా ఉంది. మామూలు లయకూ దీనికీ తేడా నా వేళ్లకు అందదు, తాతయ్య వేళ్లకూ అందేది కాదు. సమంగా ఉంటే నిశ్చింతేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. అబ్లేషన్ అయినవాళ్లు వేగం చూడండి, పెరిగితే ఆ రోజే ఈసీజీ తీయించండి. లయ ఎలా ఉన్నా రక్తం పలచబరిచే మాత్ర కనీసం రెండు నెలలు ఆపకూడదు.

బుధవారం చిన్న షాక్ ఇచ్చి లయ సరిచేశారు. ఇప్పుడు 84. ఇదివరకు 72 ఉండేదని చెల్లెలు మళ్లీ కంగారుపడింది. గుండెనంటుకుని ఉన్న నరాల ముడులకూ వేడి తగులుతుందని, ఆ కాస్త పెరగడం మామూలేనని డాక్టరు ఓపిగ్గా చెప్పారట.